రంగు పూసిన ఇనుప రేకు

నేను ఒక ఇనుప రేకును. అరిగిపోవడమే నా కొలువు. నవ్వకండి. మా వాళ్లలో కొందరు గేటు పలకలై నిలబడ్డారు, కొందరు పెనాలై రొట్టెలు కాల్చారు. నన్ను మాత్రం కరగదీయడానికే కొన్నారు.

కొన్నది స్రవంతి. నూలుకు రంగులద్దే రాజమల్లు కూతురు, ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. రసాయనశాస్త్రం చదివి ఇంటికి రాగానే రంగుల కార్ఖానా వెనక సిమెంటు తొట్టి కట్టించింది. అందులో నన్నూ నా తోటి రేకులనూ వరసగా వేలాడదీసి, తీగలు బిగించి, కరెంటు పెట్టింది. కరెంటు పారితే నేను కొంచెం కొంచెంగా నీళ్లలోకి కరుగుతాను. కరిగిన నా ఇనుము నీళ్లలోని రంగును పట్టుకుని, ముద్దలు కట్టి అడుగున కూర్చుంటుంది. పైన తేరిన నీళ్లు భూమిలో వేసిన గొట్టం గుండా ఇంకుడుగుంతకు పోతాయి.

ఇదంతా గోడ అవతల ఉండే కొమురవ్వ కోసం. నల్లా నీళ్లు ఇంకా ఆమె గడపదాకా రాలేదు. తాగడానికైనా వండుకోవడానికైనా ఆమెకు పెరటి చేదబావే దిక్కు. ఇంకుడుగుంతకూ ఆ బావికీ మధ్య దూరమేమీ లేదు. అది చెడితే ఆమె బతుకు ఆగిపోయినట్టే.

దసరా వచ్చింది. స్రవంతి ఏదో పరీక్ష రాయడానికి పట్నం వెళ్లింది. ఆయుధపూజకు ఇంట్లోని ఇనుప సామానంతా కడిగి, రంగు పూసి, పసుపు కుంకుమ పెట్టడం రాజమల్లు ఇంటి ఆచారం. ఆయన తొట్టి మీదికి వంగి నన్ను చూశాడు. ఒళ్లంతా తుప్పు, గుంటలు. బిడ్డ కష్టపడి పెట్టుకున్న వస్తువు పాడైపోతోందని ఆయన ప్రాణం కొట్టుకుంది. అన్ని రేకులనూ పైకి తీసి, తుడిచి, ఎండకు ఆరబెట్టి, తుప్పు పట్టకుండా గేట్లకు వేసే ఎర్ర రంగును శ్రద్ధగా రెండు పూతలు పూశాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నంత ప్రేమగా ఎవరూ తాకలేదు. బొట్టు పెట్టి, దండం పెట్టి, మళ్లీ తొట్టిలోకి దించాడు.

ఆ పూత కింద నాకు ఊపిరాడలేదు. కరెంటు నాలోంచి నీళ్లలోకి దిగే దారి మూసుకుపోయింది. తొట్టిలో ఎంత కరెంటు పారుతోందో చూపే మీటరు ముల్లు సున్నా మీద పడుకుంది. ఆ ముల్లు వంక చూసే అలవాటు ఇంట్లో స్రవంతి ఒక్కదానికే ఉంది. స్విచ్చు మీది లైటు వెలుగుతోంది, నీళ్లు తోసే మోటారు మోగుతోంది, ఇంకేం కావాలి? రాజమల్లు నిశ్చింతగా పెళ్లి చీరల నూలుకు ముదురు ఎరుపు అద్దుతూ కూర్చున్నాడు. ఆ ఎర్రనీళ్లు నన్ను రాసుకుంటూ గొట్టంలోకి పోతుంటే కేక వేయడానికి నాకు నోరు లేదు.

ఒకనాడు కొమురవ్వ బిందె పట్టుకుని వచ్చింది.

"ఓ రాజమల్లూ! నా చీరెకు రంగెయ్యిమంటే ఏనాడన్న ఏసినవా? నా బాయికైతే మంచిగ ఏసినవ్ గదరా!" అంటూ బిందె వంచింది. గులాబీ రంగు నీళ్లు నేల మీద పారాయి. ఆమె ఖాళీ బిందెను ఆయన ముందు బోర్లించింది. "గివే నీళ్లతోని పొద్దుగాల బువ్వ వండిన. చీకట్ల కానరాలే."

ఫోను అందగానే స్రవంతి పరుగున వచ్చింది. భుజాన సంచి దించకుండానే మీటరు చూసింది, నన్ను పైకి లాగింది.

"నాయినా, రేకులకు రంగెవలేసిండ్రు?"

"నేనే బిడ్డా. పండుగాయె. తుప్పు వట్టి కరాబైతున్నయని..."

"కరాబ్ గావాల్ననే పెట్టిన్నే నాయినా!"

రాజమల్లుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి పొయ్యి వెలిగించాడు. నూలు ఉడికించే కాస్టిక్ సోడాను మరిగించి, చేతులు పొక్కుతున్నా ఆగకుండా, తానే పూసిన పూతను తానే గీకాడు. బావిలోకి మోటారు దించి ఆ నీళ్లను తొట్టిలోకి తోడారు. కరెంటు పారింది. నేను నాలో ఉన్నదంతా ఇచ్చాను. అంచులు పోయాయి, నడుమ చిల్లులు పడ్డాయి. తోడినకొద్దీ బావి అడుగు నుంచి ఎరుపు ఊరుతూనే ఉంది.

తొట్టి దాటి వచ్చే నీళ్లు మాత్రం తేటపడ్డాయి. రాజమల్లు గ్లాసు నింపుకుని గోడ దగ్గరికి ఉరికాడు. కొమురవ్వ దాన్ని ఎండకు ఎత్తి చూసింది.

"మంచిగనే ఉన్నయి గద!" అని నోటి దగ్గర పెట్టుకోబోయింది. స్రవంతి గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"తాగకవ్వా. రంగు వోయింది. ఇసం వోయిందో లేదో పరీక్ష జేపిస్తె గాని నాకెర్కలే."

"కండ్లకైతే ఏం కనవడ్తలేదు గదనే?"

"గదే నా భయం."

మరునాడు నన్ను విప్పి పాత ఇనుము కుప్పలో వేశారు. నా చోట కొత్త రేకు వేలాడుతోంది. నాకు చేతనైంది రంగును పట్టుకోవడమే. రంగు లేనిదేమైనా ఆ నీళ్లలో మిగిలిందేమో నాకూ తెలియదు. స్రవంతి సీసాలో ఆ నీళ్లు పట్టుకుని పట్నం బస్సెక్కింది.

కొమురవ్వ అలవాటు కొద్దీ బావి దగ్గరికి వచ్చింది. చేద దించింది, లాగింది, నీళ్ల వంక చాలాసేపు చూసింది. తర్వాత వాటిని మళ్లీ బావిలోనే పోసేసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఎటు పోవాలో తోచక అక్కడే నిలబడిపోయింది.