ఏడు రోజుల తిండి

"ఉప్పు కాస్త ఎక్కువైందేమో," అన్నారు మా ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఆ "ఏమో" ఆయన మర్యాద. పదిహేడేళ్లుగా ఆ మర్యాద వింటూనే ఉన్నాను. ఒక పొయ్యి మీద రొట్టె కాలుస్తూ, ఇంకో పొయ్యి మీద అత్తయ్యకు కారం లేని కూర వేడి చేస్తూ "అవునా" అన్నాను. ఎక్కువైందో లేదో నాకెలా తెలుస్తుంది? నేను తినడానికి ఇంకా గంట టైముంది.

మా ఇంట్లో ఒక కూర మూడు కూరలవుతుంది. అత్తయ్యకు కారం పడదు, ముక్క మెత్తగా ఉడకాలి. ఆయనకు బాగా వేగాలి. అమ్మాయికి ఉల్లిపాయ కనబడకూడదు, కాబట్టి దాన్ని నూరి వెయ్యాలి. ఇన్ని చేసేసరికి నాకంటూ నాలుగోది చేసుకునే ఓపిక ఉండదు. అందరి గిన్నెల్లోనూ అడుగున మిగిలిందే నాది. అందులోనూ ఓ చిక్కుంది. ఎక్కువ మిగిలితే "ఇంతెందుకు చేశావు" అంటారు. అసలు మిగలకపోతే నాకుండదు. అందుకని ఎవరి కంటా పడనంత మిగిలేలా వండడం నేర్చుకున్నాను. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు. "మా కోడలి వంటలో మెతుకు దండగవదు," అని అత్తయ్య పక్కింటివాళ్లతో గొప్పగా చెప్పుకుంటుంది.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మారుస్తూ పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే ప్రశ్న అడుగుతాను. ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా? అక్కడ ఎవరూ తొందరపడరు. "మొదటిది మళ్లీ ఒకసారి పెట్టండి," అంటారు. పెడతాను. తమకేది నప్పుతుందో తేల్చుకోవడానికి మనుషులకు అంత తీరిక ఎక్కడినుంచి వస్తుందా అని వింతగా ఉండేది నాకు. పోయిన నెల ఒక పెద్దాయనకు అలా అద్దం మారుస్తూంటే నా కళ్లే బైర్లు కమ్మి, పక్కనున్న బల్ల పట్టుకుని కూలబడిపోయాను. డాక్టరు పరీక్ష చేయించి రక్తం తక్కువగా ఉందన్నాడు. తిండి సంగతి చూడమని డైటీషియన్ దగ్గరికి పంపాడు.

ఆమె చిన్నపిల్ల, మా మేనకోడలంత ఉంటుంది. గళ్లు గీసిన కాగితం చేతికిచ్చింది. ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, ఎంత, ఎలా. "వారం రోజులు రాసి తీసుకురండి," అంది.

రాశాను. వంటింటి గట్టు మీద పెట్టుకుని, పొయ్యి ఆపగానే ఏ పూటకా పూట రాశాను. చేపల వేపుడు, సొరకాయ కూర, గుడ్లు, పాలకూర, పళ్ల ముక్కలు. ఆమె కాగితం చూసి, నా ముఖం చూసి, మళ్లీ కాగితం చూసింది.

"ఇంత బాగా తినేవాళ్లకి రక్తం ఇంత తక్కువెందుకుందండీ?"

నేనూ కాగితం వైపే చూశాను.

"బుధవారం మీవారేం తిన్నారు?"

"ఇవే."

"పాప?"

"ఇవే."

"ఇవన్నీ మీరు వండినవి కదా," అందామె మెల్లగా. "నేనడిగింది మీరు తిన్నవి."

అబద్ధమాడి దొరికిపోయినదానిలా ముఖం వేడెక్కింది. ఒట్టు, నేను అబద్ధం రాయలేదు. వండితే తిన్నట్టే అనుకున్నాను. ఇన్నేళ్లలో ఆ రెండింటికీ తేడా ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఆమె ఇంకో కాగితం ఇచ్చింది.

ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. సోమవారం పొద్దున: టీ, అమ్మాయి వదిలేసిన రొట్టె అంచులు, నిలబడి. మధ్యాహ్నం: నిన్నటి అన్నం, కూర అడుగు, షాపు వెనక గదిలో ఆరు నిమిషాలు. రాత్రి: చేప తోక వైపు ముక్క, అత్తయ్య మిగిల్చిన సొరకాయ, గట్టు దగ్గర గిన్నెలు తోముతూ. మంగళవారం దాదాపు అంతే. రాస్తూ ఉంటే చేతికి చిరాకు పుట్టింది. ఎవరో ఒక మనిషి వెనక తిరుగుతూ ఆమె బతుకు రాస్తున్నట్టుంది గానీ, నా గురించి రాసుకుంటున్నట్టు లేదు.

గురువారం గడిలో మాత్రం ఒక మంచి మాట ఉంది. మా షాపులో అద్దాలు అరగదీసే అక్క ఉంది. వాళ్లది చాలా దూరపు ఊరు. ఆ మధ్యాహ్నం నా డబ్బాలోకి తొంగిచూసి, తన డబ్బాలోంచి రెండు ముద్దలు నా మూత మీద పెట్టింది. మంట మీద మాడ్చిన వంకాయ, పచ్చిమిరపకాయలు, పచ్చి ఉల్లిపాయ, పులుపుకి పచ్చి మామిడి. నాలుక అదిరిపోయింది. ముక్కు కారింది. అక్క నవ్వింది.

"మా వైపు ఇంట్లో ఏమీ లేనప్పుడు చేసుకుంటాం ఇది," అంది.

"ఏమీ లేనప్పుడే ఇలా ఉంటే, ఉన్నప్పుడు ఏం తింటారక్కా?"

"దీన్లో ఏముంది? వంకాయ మీద జాలిపడకుండా మాడ్చాలి, అంతే."

ఇంకో ముద్ద అడుగుదామనుకుని మొహమాటపడ్డాను. సాయంత్రం దాకా నాలుక దాన్నే వెతుక్కుంది. ఇంట్లో ఎవరికీ పనికిరాని కూర అది. ఒకరికి కారం, ఒకరికి పులుపు, ఇంకొకరికి ఉల్లిపాయ.

శనివారం మధ్యాహ్నం మా ఆయన మంచినీళ్ల కోసం వచ్చి, ఫ్రిజ్ తలుపుకు నేను అంటించిన ఆ కాగితం చూశారు. గ్లాసు చేత్తో పట్టుకునే మొత్తం చదివారు.

"ఏంటిదంతా?"

"డైటీషియన్ రాయమంది."

"రాయమంటే ఇలానా? రొట్టె అంచులు, కూర అడుగు. చదివినవాళ్లు మేం నీకు తిండి పెట్టట్లేదనుకోరూ?"

"మీరు పెట్టట్లేదని నేనెక్కడ రాశాను?"

"నిన్ను తినొద్దని ఎవరైనా అన్నారా ఈ ఇంట్లో?"

అనలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరైనా వద్దని ఉంటే మొదటి రోజే పోట్లాడి మరీ తినేదాన్ని. హాల్లో కుర్చీలోంచి అత్తయ్య, "మా రోజుల్లో ఎవరు రాశారమ్మా ఇవన్నీ. నేనూ అందరూ తిన్నాకే తిన్నాను," అంది. కాసేపాగి, "అన్నీ చల్లారిపోయి ఉండేవి," అంది. ఆ మాట ఎవరితో అందో తెలియలేదు. మా ఆయన గ్లాసు కడగకుండా సింకులో పెట్టి, "ఇంకో కాగితం తీసుకుని శుభ్రంగా రాసి ఇవ్వు. అదేం పెద్ద పని?" అని వెళ్లిపోయారు.

పెద్ద పని కాదులే అనుకున్నాను నేనూ. ఒక కాగితం కోసం వారమంతా ముఖాలు ముడుచుకుని తిరగడమెందుకు? అమ్మాయి నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం చింపి గళ్లు గీసుకుని, బల్ల దగ్గర కూర్చున్నాను. సోమవారం. ఏం తిన్నానని రాయను? చేపల వేపుడు. అది ఆయనకిష్టం. సొరకాయ అత్తయ్యది. గుడ్డు అమ్మాయిది. పోనీ పెళ్లికి ముందు ఏం తినేదాన్ని? నాన్నకు పడని కూరలు మా ఇంట్లో వండేవాళ్లే కాదు. అన్నయ్యకు కావలసినవి వారానికి రెండుసార్లు ఉండేవి. నాకేం ఇష్టమని అమ్మ అడిగిందా? అమ్మకేం ఇష్టమో నేనడిగానా? ఇంకొకరిది కాని కూర ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఊరికే కల్పించి రాయడానికి కూడా, నాకు నచ్చేదేదో నాకు తెలియడం లేదు. నలభై రెండేళ్లొచ్చాయి. భయమేసింది. లేచి వంటింట్లోకి వెళ్లాను, ఎందుకెళ్లానో తెలియక తిరిగొచ్చాను, మళ్లీ వెళ్లాను. అలా తిరుగుతూండగా కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పను, నాతో కలిపి అందరి మీదా. తెల్లకాగితాన్ని ఉండ చేసి పారేశాను. ఫ్రిజ్ మీది కాగితం తీసి మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం దాన్నే ఇస్తాను. చెప్పుల్లో కాళ్లు దూర్చి, సందు చివరి బండి దగ్గరికి వెళ్లి రెండు వంకాయలు, ఒక పచ్చి మామిడికాయ తెచ్చుకున్నాను.

ఆదివారం పన్నెండింటికి వంకాయలు మంట మీద పెట్టాను. ఇల్లంతా పొగ.

"ఏదో మాడుతోందమ్మాయ్," అంది అత్తయ్య.

"మాడనివ్వండి అత్తయ్యా."

వాళ్ల కోసం గుడ్ల కూర కూడా చేశాను, అందరికీ కలిపి ఒకటే రకం. అన్నం, కూర గిన్నెలు బల్ల మీద పెట్టి గరిటెలు వేశాను. ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచే నాలుగో కుర్చీ ఖాళీ చేసి కూర్చున్నాను. మా ఆయన వచ్చి, ఖాళీ ప్లేటు ముందు అలవాటుగా చేతులు కట్టుకుని కాసేపు చూశారు. అత్తయ్యే గరిటె అందుకుని ముందు మనవరాలికి, తరవాత తనకు వడ్డించుకుంది.

నేను పొగలు కక్కుతున్న అన్నంలో వంకాయ కలుపుకున్నాను. మొదటి ముద్దకే తెలిసిపోయింది, ఉప్పు చాల్లేదు. చిటికెడు వేసుకుని మళ్లీ కలిపాను. ఇప్పుడు బాగుంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, కారం వల్లే అనుకోనీ ఎవరైనా. ఎవరికేం కావాలో చూడాలని కాళ్లు లేవబోతున్నాయి. వాటిని బల్ల కింద ఒకదాని మీద ఒకటి వేసి బిగించాను.

"వాసన బాగుందే," అని మా ఆయన ప్లేటు నా వైపు జరిపారు. "నాక్కూడా కాస్త వెయ్యి."

"ఆగండి," అన్నాను ఇంకో ముద్ద కలుపుకుంటూ. "నేను తిన్నాక మిగిలితే వేస్తాను."

మిగలదని నాకు అప్పటికే తెలుసు.