సందు మూసిన పలువరుస

2017 ఆగస్టు 9, బుధవారం. తెల్లవారుజామున సన్నటి జల్లు పడి ఆగిపోయింది. ఆ తర్వాత ఎండా రాలేదు, గాలీ రాలేదు. ఆరేసిన బట్టలు తడి వదలక దండెం మీద బరువుగా వేలాడాయి. ఆ ఉదయం కూడా కిటికీ రోజూలాగే పళ్ళ మీది రిటైనర్ అనే ప్లాస్టిక్ తొడుగు తీసి, చల్లటి నీళ్ళ కింద పట్టి, మెత్తటి బ్రష్షుతో లోపలా బయటా రుద్దుతోంది.

కిటికీ అంటే గోడకుండేది కాదు, పదిహేనేళ్ళ అమ్మాయి. చిన్నప్పుడు ఆమె ముందుపళ్ళ మధ్య పెన్సిల్ పట్టేంత సందు ఉండేది. "ఆ కిటికీ కాస్త మూయవే, చలిగాలి కొడుతోంది" అని పక్కింటి పిన్ని ఏడిపించేది. ఆ పేరే నిలిచిపోయింది. అసలు పేరు బడి రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

కిటికీ వాళ్ళ ఇంటికీ పిన్ని ఇంటికీ మధ్య కూడా ఒక సందు ఉండేది. ఒకప్పుడు రెండూ కలిపి ఒకటే ఇల్లు. తాత పోయాక కొడుకులిద్దరూ దాన్ని నడిమికి కోసి పంచుకుంటే, కోసినచోట మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా మిగిలింది. అది నాదంటే నాదన్నారు. కిటికీ నాన్న దర్జీ. బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఇద్దరూ పనిలో నిదానస్తులే. నోటికి మాత్రం నిదానం లేదు. మాటా మాటా పెరిగి, ప్లీడరు దాకా పోయి, "మళ్ళీ నీ గుమ్మం తొక్కను, ఒట్టు" అని బాబాయి వెళ్ళిపోయాడు. "పిలిచిందెవడు?" అన్నాడు నాన్న. నాయనమ్మ పెద్దకొడుకు దగ్గర ఉండిపోయింది. తుంటి విరిగాక కర్ర పట్టుకుని ఇంట్లో తిరగగలదు గానీ వీధిమెట్లు దిగలేదు. కోడళ్ళిద్దరూ మాత్రం పెరటి గోడ మీదుగా గిన్నెలూ కబుర్లూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. ఇంటెడు చాకిరీ ఉన్నవాళ్ళకి పంతాలు పట్టే తీరిక ఎక్కడిది?

కిటికీ పళ్ళకి క్లిప్పులు వేశారు. పళ్ళు దగ్గరపడుతూ వచ్చాయి. వాటితోపాటు రెండిళ్ళ గోడలూ దగ్గరపడ్డాయి. ముందు బాబాయి తన సైకిలు సందులోంచి తీసేశాడు. తర్వాత పిల్లి అటు రావడం మానేసింది. క్లిప్పులు తీసిన రోజుకి రెండు గోడలూ భుజం భుజం ఆనించి నిలబడ్డాయి. వీధిలో ఎవరూ వింతపడలేదు. ఎదురింటి పోస్ట్‌మాన్ మాత్రం, "కింది వరుసకి కూడా వేయిస్తే మా ఇల్లు కూడా కాస్త ముందుకొచ్చేదేమో, నాకు వీధి దాటే పని తప్పేది" అన్నాడు.

"పళ్ళకి పాత చోటు గుర్తుంటుందమ్మా" అని చెప్పింది పళ్ళ డాక్టరమ్మ. "వదిలేస్తే వెళ్ళిపోతాయి. ఈ రిటైనరే వాటిని పట్టి ఉంచుతుంది. చల్లటి నీళ్ళతోనే కడుగు. పేస్టు వద్దు, గీతలు పడతాయి. తినేటప్పుడు తీసి డబ్బాలో పెట్టు, కాగితంలో చుట్టకు."

కిటికీ చుట్టనే చుట్టింది. కాగితంతోపాటు అది చెత్తబుట్టలోకి పోయింది. ఆ మధ్యాహ్నం చెత్తబండిని ఆపి, వీధి వీధంతా ముక్కు మూసుకుని వెతికింది. దొరికేసరికే గోడ కాస్త కదిలి, పిన్ని వంటింట్లో అల్మరా తలుపు దానంతటదే తెరుచుకుని ఊగుతోంది. అప్పట్నుంచీ కిటికీ ఎదురైతే చాలు, "పెట్టుకున్నావా?" అనేవారే అందరూ. బాగున్నావా అని అడిగేవాళ్ళే లేకుండా పోయారు.

గోడలు ఆనుకున్న రోజునే నాయనమ్మ తన మంచం ఆ గోడకి చేర్చి వేయించుకుంది. అవతల బాబాయి పనిబల్ల జరుపుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడలోంచి మాట్లాడుకునేవారు.

"తిన్నావురా?"

"తిన్నానమ్మా."

"గొంతు పీలగా ఉందేం?"

"నా గొంతు బాగానే ఉంది. గోడే లావు."

ఆ వేళకి నాన్న కుట్టుమిషన్ ఆగిపోయేది. సూదిలోకి దారం ఎక్కిస్తున్నానని చెప్పేవాడు. రోజూ అదే వేళకి దారం తెగడమేమిటని అమ్మ అడగలేదు.

ఇక ఆ బుధవారం. ఎంత రుద్దినా రిటైనర్ మీద సున్నంలాంటి తెల్లటి పొర పోలేదు. డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళ వేసి గిన్నెలో నానబెట్టి, కిటికీ స్నానానికి వెళ్ళింది. నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ పొర చూసింది. ఆమె ఆసుపత్రిలో కత్తెరలూ సూదులూ మరిగించి మరిగించి రిటైరైన మనిషి. మరగనిది ఏదీ ఆమె లెక్కలో శుభ్రం కాదు. మనవరాలి నోట్లోకి వెళ్ళే వస్తువు కదా అని, నీళ్ళు కళపెళలాడుతుంటే అందులో వేసింది.

కిటికీ వచ్చేసరికి రిటైనర్ ఎండుటాకులా ముడుచుకుపోయి ఉంది.

"ఏం చేశావు నాయనమ్మా?"

"కడిగానే. క్రిములు చావొద్దూ?"

గదిలో సున్నం రాలిన చప్పుడైంది. నాయనమ్మ తల తిప్పి గోడకేసి చూసింది. ఆమె చేతిలోని పట్టకారు కిందపడింది.

డాక్టరమ్మ మళ్ళీ అచ్చు తీసి, కొత్తది తయారవడానికి వారం పడుతుందంది. పళ్ళు ఆగుతాయా? మర్నాటికే గోడల మధ్య దారమంత వెలుగు దూరింది. ఆ తర్వాత పిల్లి వచ్చింది. ఆదివారానికల్లా బాబాయి మాట గోడ దాటి రావడం మానేసింది.

నాయనమ్మ మంచం పట్టింది. "నా చేతుల్తో నేనే వాణ్ణి తోసేశాను" అని తప్ప ఇంకో మాట లేదు. చూడ్డానికొచ్చిన వైద్యుడు వయసైపోయిందన్నాడు, చూడాల్సినవాళ్ళని రమ్మనమన్నాడు.

"మీ తమ్ముణ్ణి పిలవండి" అంది అమ్మ.

"రానన్నది వాడు" అన్నాడు నాన్న, కుట్టిన గుడ్డనే మళ్ళీ కుడుతూ.

"ఒట్టు తీసి గట్టున పెట్టు" అంది అవతల పిన్ని.

"తలుపు తీయాల్సింది వాడు" అన్నాడు బాబాయి.

మళ్ళీ బుధవారం సాయంత్రం కిటికీ కొత్త రిటైనర్ డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది. సందులో బాబాయి పక్కకి తిరిగి, తల్లి గదిగోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, బయటికి రా. ఇది పెట్టుకోవాలి."

"అమ్మ ఏదో అంటోందే, వినపడ్డంలేదు. నువ్వు పెట్టుకో. గోడ దగ్గరికొస్తే వినపడుతుంది."

"నలిగిపోతావు బాబాయ్."

"పెట్టుకోమన్నానా."

కిటికీ వీధి కుళాయి కింద దాన్ని కడిగింది. పళ్ళ మీద పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. కణతల దాకా నొప్పి లేచింది.

గోడలు కదిలాయి. చప్పుడు లేదు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కొత్తగా వచ్చినవాడికి జరిగి చోటిచ్చినట్టు, తల్లి గదిగోడలోని ఇటుకలు ఒక్కొక్కటే పక్కకి జరిగాయి. చిగురు పన్నుని పొదువుకున్నట్టు గోడ అతణ్ణి పొదువుకుని, లోపలికి దింపి, వెనక మూసుకుపోయింది. సాయంకాలపు వెలుగు కాస్త అతనితోపాటే గదిలోకి వచ్చి, చాలాసేపు పోలేదు.

నాన్న మెడలో టేపుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గుమ్మం తొక్కలేదు" అన్నాడు బాబాయి, జుట్టులో ఇటుకపొడితో.

"చూశాను" అని నాన్న స్టూలు లాగి మంచం పక్కన వేశాడు.

నాయనమ్మ కళ్ళు తెరిచింది. "తిన్నావురా?"

"లేదమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళలో లేదనడం అదే మొదటిసారి.

బయటికి పోవాలంటే గుమ్మం తొక్కాలి కాబట్టి, బాబాయి ఇక అక్కడే ఉండిపోయాడు. పిన్ని అతని గడియారాలన్నీ పెరటి గోడ మీదుగా అందించింది. నెలాఖరున నాయనమ్మ నిద్రలోనే పోయింది. కొడుకులిద్దరూ ఆమెను భుజాల మీద మోసుకుని బయటికి నడిచారు. అప్పుడు బాబాయి గుమ్మం తొక్కాడు. అతనితో సహా ఎవరూ గమనించలేదు.

నాయనమ్మ మంచం బాబాయికి వచ్చింది, చేతికర్ర నాన్నకి. మరిగించే గిన్నె పెద్దకోడలికి, దాని మూత చిన్నకోడలికి. అందుకే ఆ రెండూ ఏ ఇంట్లోనూ కుదురుగా ఉండవు. ముడుచుకుపోయిన పాత రిటైనర్ తలగడ కింద దొరికింది, అది కిటికీకి ఇచ్చారు. ఆమె ఈనాటికీ కొత్తదాన్ని చల్లటి నీళ్ళతో కడిగాక, పాతదాన్ని కూడా ఒకసారి కడుగుతుంది. సందు కోసం ఏళ్ళ తరబడి దావా నడిపిన ప్లీడరుకి మాత్రం ఏమీ దక్కలేదు. కొలుద్దామని ఆయన టేపు తీసుకుని వస్తే, ఆ గోడల మధ్య టేపు దూరేంత చోటు కూడా లేదు.