సీసాల మీది అంకెలు

ఇర్యా సీసాలు కడుగుతోంది. పొయ్యి మీద ఎర్రటి లింగన్ పళ్ళ రసం కుతకుత ఉడుకుతోంది. నిన్న అడవిలో రెండు బకెట్లు ఏరుకొచ్చింది, మధ్యాహ్నంలోగా రసమంతా సీసాల్లోకి ఎక్కాలి. చేతులు వేడినీళ్ళలో ఉన్నాయిగాని మనసు వాకిట్లో నిలబెట్టిన కారు చుట్టూ తిరుగుతోంది. కడిగిన సీసానే మళ్ళీ కడిగింది.

గేర్లు తనంతట తనే మార్చుకునే బండి అది. గురువారం పొద్దున ముసలి హెల్మీ ఇంటికి వెళ్ళే ఎత్తు మీద రెండో గేరు నుంచి మూడోదానికి వెళ్ళనని మొరాయించింది. ఇంజను రొద పెట్టిందే తప్ప బండి ముందుకు లాగలేదు. ఇర్యా ఊపిరి బిగబట్టి మూడు లెక్కపెట్టాక ఒక్క కుదుపుతో గేరు పడింది. శుక్రవారం నాలుగు లెక్కపెట్టాల్సి వచ్చింది.

ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకోవడం ఆమె ఉద్యోగం. మొత్తం ఏడు ఇళ్ళు. అన్నిటికంటే దూరం హెల్మీది, అడవి దారిలో ముప్ఫై నాలుగు కిలోమీటర్లు పోవాలి. ఎనభై తొమ్మిదేళ్ళ హెల్మీకి పొద్దున ఎనిమిదిలోపు ఇన్సులిన్ పడాలి. శని, ఆదివారాలు ఇంకొకరు చూస్తారు; మిగతా రోజుల్లో ఇర్యా వెళ్ళలేకపోతే హెల్మీని పట్నంలోని వృద్ధుల వసతికి మారుస్తామని ఆఫీసువాళ్ళు మొన్న వసంతంలోనే చెప్పారు. ఆ మాట ఇర్యా ఇంకా హెల్మీ చెవిన వేయలేదు. ఇంకో మూడు వారాల్లో మంచు పడుతుంది. ఇంకో బండి కొనే ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నిన్న సాయంత్రం మెకానిక్ వోయిత్తో షెడ్డుకి వెళ్ళింది. గేర్‌బాక్స్‌లో నూనె మారిస్తే బాగుపడుతుందా అని అడిగింది. అతను బండిలోకి తొంగిచూసి నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లని పైకే చదివాడు. ఇంతకుముందు ఎప్పుడైనా మార్చారా అన్నాడు. లేదంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళ నూనెలో అరుగుదల పొడి కలిసిపోయి ఉంటుందని, గేర్లను పట్టి తిప్పే లోపలి పలకలు ఇప్పుడు ఆ మురికినే పట్టుకుని వేలాడుతున్నాయని, కొత్త నూనె పోస్తే పట్టు తప్పి జారిపోతాయని చెప్పాడు.

"మన వయసు బండి ఇర్యా అది. కడుపంతా కడిగించుకోమంటే నువ్వు ఒప్పుకుంటావా?"

"మార్చకపోతే?"

"మార్చకపోయినా చస్తుంది. కాకపోతే నా చేతుల్లో చావదు."

ఇంటికొచ్చి చెబితే భర్త తౌనో కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండా, ముట్టుకోకు అన్నాడు. ఎనిమిదేళ్ళుగా అతనిది అదే మాట. వోయిత్తో షెడ్డులో పదిమంది ముందు బల్ల గుద్ది మరీ అన్నాడు, నడుస్తున్నదాన్ని కెలక్కూడదని. ముప్ఫై ఏళ్ళు కలప యంత్రాలు బాగుచేసినవాడు. అతనికి ఎదురు చెప్పాలంటే ఇర్యాకు ఏదో ఒక ఆధారం కావాలి.

అందుకే ఇప్పుడు చేతులు తుడుచుకుని, కాఫీ వడకట్టే కాగితం ఒకటి పట్టుకుని వాకిట్లోకి నడిచింది. కాసేపు ఇంజను తిరగనిచ్చి, గేర్‌బాక్స్ నూనె మట్టం చూసే పుల్ల పైకి లాగి ఒక చుక్క కాగితం మీద వేసింది. తారులా నల్లగా ఉంటుందని, మాడు కంపు కొడుతుందని అనుకుంది. చుక్క గోధుమ రంగులో పాకింది. అంచున కొత్త నూనెలాంటి ఎర్రటి జీర. మాడు వాసన లేదు. ఎన్నడూ మార్చని నూనె ఇలా ఉండదని ఆమెకు కూడా తెలుసు.

లోపలికొచ్చి కూర్చోబోయి కూర్చోలేకపోయింది. సీసాలు చాలవని గుర్తొచ్చి నేలమాళిగలోకి దిగింది. పాత రసం సీసాల వెనక, గోడకు ఆనుకుని నాలుగు చిన్న సీసాలు కనిపించాయి. ఒకటి ఎత్తి వంచింది. లోపలిది రసంలా గబుక్కున జారలేదు, మెల్లగా గాజును పట్టుకుని దిగింది. నూనె.

ఒక్కోదాని మీద అంటించిన కాగితంపై తౌనో చేతిరాత. మూడు లక్షల అయిదు వేలు. మూడు లక్షల ఇరవై ఆరు వేలు. నలభై ఏడు. అరవై ఎనిమిది. మొదటి సీసాలో కాఫీ మడ్డిలాంటి నలుపు. రెండోది, మూడోది కాస్త కాస్త తేరుకుంటూ వచ్చాయి. నాలుగోది ఇంచుమించు లింగన్ రసం రంగు. ఏడాదికొకసారి తీసినదాంట్లో కొంచెం దాచి, రంగు పోల్చి చూసుకున్నాడన్నమాట. అరవై ఎనిమిది వేల దగ్గర ఆగిపోయాడు. అది రెండేళ్ళ కిందటి సంగతి.

ఇర్యా నాలుగో సీసాను దీపం దగ్గరికి పట్టుకుంది. మొదటి మూడింటి మీదా అంకెలు అచ్చు గుద్దినట్టున్నాయి. దీని మీద అంకెలు వణికాయి. ఎనిమిదిని రెండుసార్లు దిద్దాడు.

రెండేళ్ళుగా తౌనో కాఫీ అరకప్పే పోసుకుంటున్నాడు. చొక్కా ముంజేతి గుండీలు పెట్టుకోవడం మానేశాడు. ముసలితనపు విసుగులే అనుకుని ఊరుకుంది తను.

పైకి వచ్చి పొయ్యి ఆర్పింది. నాలుగు సీసాలనూ వరసగా, బల్ల దగ్గర పేపరు చదువుతున్న తౌనో ముందు పెట్టింది, పక్కన చుక్క వేసిన కాగితం. అతను పేపరు మడిచి వాటివంక చాలాసేపు చూశాడు. ఎందుకు దాచావని అడగాలని మెట్లెక్కుతున్నంతసేపూ అనుకుంది. తీరా నోటికి వచ్చింది వేరే.

"ఒక్కోసారి ఎంత తీసేవాడివి?"

"మూడు లీటర్లు. తీసినంత కొత్తది పోసేవాణ్ణి. మొత్తం ఒకేసారి మారిస్తే వోయిత్తో అన్నట్టే అయ్యేది."

"వాడికి తెలుసా?"

"తెలిస్తే చచ్చేదాకా నవ్వుతాడు."

"మరి రెండేళ్ళ నుంచీ?"

తౌనో కుడిచేతిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"అడుగున నూనె దించే బోల్టు ఉంటుంది," అన్నాడు. "దాని మీద పానా నిలవడం లేదు."

ఇర్యా ఆ చేతివైపు చూడలేదు. డాక్టరు మాట సోమవారం తర్వాత ఎత్తొచ్చు.

"బండి కింద నేను పడుకుంటాను. ఎటు తిప్పాలో నువ్వు చెప్పు. ఈసారీ మూడే తీద్దాం," అంది. "సోమవారం నేను హెల్మీ దగ్గరికి వెళ్ళాలి."

తౌనో కప్పులో మిగిలిన అరకప్పు కాఫీ రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా తాగాడు. లేచి కోటు తగిలించుకున్నాడు, గుండీలు పెట్టుకోలేదు. మేకుకు తగిలించిన తమ పనిముట్ల గది తాళంచెవి తీసుకున్నాడు.

చలికాలం వస్తుంటే తలుపు తెరిచి వదిలినవాళ్ళను ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్టేది తౌనోనే. ఇవాళ తలుపు బార్లా తీసి, వెనకే వచ్చే ఇర్యా కోసం అలాగే వదిలేసి బయటికి నడిచాడు.