నల్లతెర మీద ఏడు పేర్లు

ఉదయం పదిన్నరకు ప్రసూతి వార్డు నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఓ నెగెటివ్ ఇంకో రెండు సంచులు కావాలక్కా. కాన్పయింది, రక్తం ఆగట్లేదు."

బ్లడ్ బ్యాంకు టెక్నీషియను ఫ్రిజ్ తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. ఉన్న ఒక్క సంచీ ఇందాకే పైకి పంపింది. ఆ రక్తం ఉన్న దాతల నంబర్లన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. కంప్యూటరేమో పొద్దున అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ మొహం నల్లగా పెట్టుకుని కూర్చుంది. మూడుసార్లు ఆపి వేసినా అంతే: కంపెనీ గుర్తు వెలిగేది, తర్వాత చీకటి. మరమ్మతు చేసేవాడు సాయంత్రం దాకా రాలేనన్నాడు. పక్క ఊరి బ్లడ్ బ్యాంకులోనూ నిండుకుందట.

ఇక మిగిలింది తమ్ముడు. ఆ కంప్యూటర్లో విండోస్‌కి బదులు లినక్స్ అనే వ్యవస్థ ఎక్కించింది వాడే. రెండేళ్ల కిందట వాడికి చూపు పోయింది. ఎలా పలకరించాలో తెలియక, రేపు రేపంటూ ఆమె వాడికి ఫోనే చేయలేదు. ఇప్పుడు అవసరం పడ్డాక చేయడానికి చెయ్యాడలేదు. మెట్ల మీద ఎవరో ముసలావిడ గోడకు తల ఆనించి ఏడుస్తోంది. అది చూసి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నేనురా."

"చెప్పక్కా."

గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"బొమ్మల తెర ఒక్కటే చెడినట్టుంది. ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆ తెర జోలికి పోకుండా మొదలెడదాం. ఆపి వెయ్. కంపెనీ గుర్తు పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కు."

మొదటిసారి ఆలస్యమైంది. రెండోసారి, ఎలా మొదలెట్టాలో అడిగే జాబితా తెర మీదికి వచ్చింది.

"పై లైను మీద ఉండి 'ఇ' నొక్కు. లినక్స్ అని మొదలయ్యే లైను వెతికి, దాని చివర ఖాళీ వదిలి మూడు అంకె కొట్టు. తర్వాత ఎఫ్ టెన్. బొమ్మలు లేకుండా వట్టి అక్షరాలతో తెరుచుకుంటుంది."

కంగారులో కింది లైను చివర కొట్టింది. తెర మీద ఏవో తప్పులు చూపించి అన్నీ ఆగిపోయాయి.

"పాడు చేశానురా! ఆమె ప్రాణం తీస్తున్నాను."

"ఏం పాడు కాలేదు. నువ్వు కొట్టింది ఈ ఒక్కసారికే. మళ్లీ వెయ్. ఈసారి ప్రతి అక్షరం నాకు చదివి వినిపించు."

చదివింది. ఆమె ఆగినప్పుడల్లా వాడు "ఊఁ" అన్నాడు. నల్లతెర మీద తెల్ల అక్షరాలు జలజలా దిగి, పేరు అడిగి ఆగాయి. పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టబోతే...

"అక్షరాలు పడట్లేదు!"

"పడవు. అది అంతే, దాచుకుంటుంది. కొట్టేసి ఎంటర్ నొక్కు."

కంప్యూటర్ లోపలికి రానిచ్చింది. తర్వాత వాడు చెప్పిన వెతికే ఆదేశం కొట్టగానే ఓ నెగెటివ్ దాతలవి ఏడు పేర్లు, ఏడు నంబర్లు.

ఒకరిది స్విచ్చాఫ్. ఇద్దరు ఊళ్లో లేరు. ఒకాయన పోయి ఏడాదైందని భార్య చెప్పింది. ఆమెకు క్షమాపణ చెప్పడానికి కూడా ఆగలేదు. ఐదో నంబరు ఎత్తలేదు. ఆరో నంబరు టైల్స్ మేస్త్రిది. "పావుగంటలో వస్తా" అని, చేతులకు సిమెంటుతోనే వచ్చాడు. ఏడో నంబరు మోగి మోగి ఆగిపోయింది.

పరీక్షలు ముగించి ఒక్క సంచీ పైకి పంపింది. రెండోది లేదు. మధ్యాహ్నం మూడింటికి నర్సు వచ్చి కుర్చీలో కూలబడింది. "బతికింది. గర్భసంచి తీసేయాల్సొచ్చింది."

టెక్నీషియను తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది.

"బిడ్డ?"

"ఆడపిల్ల. బాగానే ఉంది. రెండేళ్లు, ఒక్కసారైనా నేను..."

"ఫోన్లో వద్దక్కా. ఆదివారం రా. నిన్ను తిట్టాల్సినవి చాలా ఉన్నాయి."

"వస్తాను" అంది.