చెవుల కాపలా

తెర మీద ఒక చెవి మెల్లగా తిరుగుతోంది. నీలంగా, ఒంటరిగా, ఏ ముఖానికీ అతుక్కోకుండా. చెవులమ్మ దాన్ని మౌస్‌తో ఇటు తిప్పింది, అటు తిప్పింది. తమ్మె పైన గిన్నెలాంటి గుంట, ఆ గుంటలోంచి లోపలికి మెలిక తిరిగిపోయే సన్నని దారి. ఆ దారి వెంట చూపు పోనిస్తే ఆమెకు పొగమంచులో నడుస్తున్నట్టే ఉంటుంది. ఎంత దూరం నడిచినా అడుగుల చప్పుడు వినిపించదు.

"ఇది ఎడమది. కుడి అని పెట్టారు," అని గొణుక్కుని సరిచేసింది.

ఆ కంపెనీ వినికిడి మిషన్లకు చెవి అచ్చులు తయారుచేస్తుంది. చెవిలో మెత్తని ముద్ద పెట్టి తీసిన కొలతను స్కాన్ చేస్తే అది ఆమె దగ్గరికి వస్తుంది. పేరు, వయసు, చిరునామా, ఏ వైపు ఎంత వినిపిస్తుంది, అన్నీ సరిచూసి, పక్కగదిలో అచ్చులు పోసే మేస్త్రికి పంపుతుంది. ఆమె హోదా డేటా బాధ్యురాలు. అది నోరు తిరగక అందరూ చెవులమ్మ అనేశారు.

ఒకప్పుడు ఆ చెవులకు దిక్కూ మొక్కూ లేదు. అమ్మకాలవాళ్ళ దగ్గర ఒక కాపీ, స్కానింగ్ గదిలో ఒకటి, మేస్త్రి దగ్గర ఇంకొకటి. ఏది కొత్తదో ఎవరికీ తెలియదు. ఒక పసిపిల్లకు పాత కొలతతో అచ్చు పోసి పంపారు. చెవి పెరిగింది, అచ్చు పెరగలేదు. లోపల పుండయింది. పిల్ల తల్లి ఆఫీసుకొచ్చింది. అచ్చును బల్ల మీద పెట్టి, అక్కడున్న అందరి ముఖాలు చూస్తూ నిలబడింది. ఆ తర్వాతే చెవులమ్మ పట్టుబట్టి నియమాలు రాయించింది. చెవి ఒకేచోట ఉండాలి. ఎవరు తెరిచినా వాళ్ళ పేరు పడాలి. ఇచ్చిన పనికి తప్ప ఇంకో పనికి వాడాలంటే బాధ్యురాలు ఒప్పుకోవాలి.

మేనేజర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"మేడమ్, పాటలు వినే ఇయర్‌ఫోన్ల కంపెనీ ఒకటి మన చెవులన్నీ కొంటానంటోంది. పేర్లతో, వయసులతో, చిరునామాలతో సహా. సాయంత్రంలోగా మీరు ఓకే నొక్కితే చాలు."

"వాళ్ళకెందుకు సార్ పేర్లు?"

"ఇంటింటికీ ప్రకటనలు పంపుకుంటారు. ఇంత శుభ్రమైన డేటా ఎక్కడా చూడలేదన్నారు. అంతా మీ చలవే."

ఆ పొగడ్త ముల్లులా గుచ్చుకుంది. తను తుడిచి, సర్ది పెట్టకపోతే ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

"జనం వినడానికి ఇచ్చారు సార్. ఒక్కొక్కరినీ అడుగుదాం. సరేనన్నవాళ్ళవి ఇద్దాం."

"అడుగుతూ కూర్చుంటే వాళ్ళు ఇంకోచోటికి పోతారు. ఇది కంపెనీ ఆస్తి మేడమ్. ఆస్తిని మూలన పడేసుకుంటామా?"

"ఆస్తి కాబట్టే కదా సార్ తాళం వేశాం."

మేనేజర్ కళ్ళు నులుముకున్నాడు. చెడ్డవాడు కాదు. స్కానింగ్ యంత్రం పాతబడిందని, కొత్తది ఎలా కొనాలా అని అతనికి నిద్ర పట్టడం లేదు. "నొక్కకపోతే కుర్చీ ఖాళీ చెయ్యండి మేడమ్. బాధ్యత నా పేరున మార్చేసి వెళ్ళండి," అని లేచాడు.

తెర మీద చెవి ఇంకా తిరుగుతోంది. అది ఒక పాటల టీచరుది. 'బడిలో తెలిస్తే నన్ను పాటలకు ఉంచరమ్మా' అని ఆమె ఫోన్‌లో అన్న మాట ఆ మెలికల్లో ఎక్కడో తిరుగుతున్నట్టుంది. ఆమె రాసిచ్చిన ఆ బడి చిరునామాకే, వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్ళ చెవికి సరిపోతాయంటూ ఇయర్‌ఫోన్ల ప్రకటన వెళుతుంది.

భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేసింది. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే, కుట్టుమిషన్ మీద.

"అక్కా, ఈ ఉద్యోగం పోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, రోజంతా ఇంట్లో ఉంటావు. నా భయం అదే." మిషన్ చప్పుడు ఆగింది. "ఏదైనా తప్పు చేశావా?"

"చెయ్యమంటున్నారు."

"అయితే వచ్చెయ్. గుండీలు కుట్టడానికి మనిషి లేక చస్తున్నా."

ఫోన్ పెట్టేశాక చెవులమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. అమ్మ కనిపించింది. చివరి రోజుల్లో అమ్మకు వినిపించేది కాదు. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా, తనూ నవ్వేది. ఆ క్షణంలో అమ్మ ఎక్కడుండేదో తెలుసుకోవాలనే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది.

కళ్ళు తెరిచి నియమాలు మరోసారి తీసింది. బాధ్యత ఎవరికి అప్పగించాలో వెళ్ళేవాళ్ళే చెప్పాలి. తీసుకునేవాళ్ళు రోజూ ఆ చెవులతో పనిచేసేవాళ్ళై ఉండాలి. అమ్మకాల్లో కమిషన్ తీసుకునేవాళ్ళు పనికిరారు. మేనేజర్‌కు ప్రతి అమ్మకం మీదా కమిషన్ ఉంది.

ఆమె పక్కగదిలోకి నడిచింది.

"మేస్త్రిగారూ, నా చెవులు మీకిచ్చి వెళ్తాను."

"నాకున్న రెండూ చాలు. వాటితోనే మా ఆవిడ మాటలు వినలేక చస్తున్నా," అన్నాడు మేస్త్రి, అచ్చు మీది దుమ్ము ఊదుతూ.

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన ముఖం చిట్లించాడు. "నాకెందుకమ్మా ఈ తలనొప్పి? మేనేజర్ నన్నూ పొమ్మంటాడు."

"మిమ్మల్ని పొమ్మంటే రేపు అచ్చు పోసేదెవరు?"

మేస్త్రి బొటనవేలితో అచ్చు అంచు తడిమాడు. ఎక్కడా గరుకు లేదు. అయినా తడుముతూనే ఉన్నాడు.

"ఆ పసిదాని అచ్చు పోసింది నేనే," అన్నాడు చివరికి. "నా పేరే పెట్టు."

సాయంత్రం ఎండ పసుపు నీళ్ళలా గదిలోకి పారింది. మేనేజర్ తెర మీద పేరు చూశాడు.

"మేస్త్రా? ఏంటి మేడమ్, పరాచికాలా?"

"నియమం సార్. మీరు సంతకం పెట్టిందే."

అతను చివరిదాకా చదివాడు. మేస్త్రి గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేస్త్రీ, ఓకే నొక్కుతావా?"

"అడిగి నొక్కుతా సార్."

"ఎవర్ని?"

"ఆ చెవులున్నవాళ్ళని."

మేనేజర్ నవ్వబోయి మానేశాడు. అచ్చు పోయడానికి ఇతను తప్ప ఇంకో మనిషి లేడు, నియమాల కింద తన సంతకమే ఉంది. తర్వాత ఫోన్ తీసి, "కొన్నాళ్ళు పడుతుందండీ. అడగాలి," అని ఎవరితోనో మెల్లగా అన్నాడు.

చెవులమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. ఆ మెట్లు మెలిక తిరిగి, తిరిగి, వీధిలోకి తెరుచుకున్నాయి. బండ్ల మోత, ఎవరో ఎవరినో పిలిచే కేక, ఎక్కడో తలుపు మూసిన చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఆమెలోకి వచ్చాయి. కాసేపు నిలబడి విన్నది. తర్వాత జనంలో కలిసిపోయింది.

పైన కిటికీ పక్క ఆమె ఖాళీ చేసిన కుర్చీ వీపున, మర్చిపోయిన ఊదారంగు స్వెటర్ ఒకటి వేలాడుతోంది, మోచేతుల దగ్గర ఇంకా ఆమె చేతుల వంపుతోనే.