చెంబెడు నీళ్ల నష్టం

పై అంతస్తులో పైపు పగిలి, టైలర్ మాస్టారి కొట్టు కొట్టంతా చెరువైంది. గుడ్డల తాన్లు, రెండు కరెంటు మిషన్లు, కుట్టి పెట్టిన కోట్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. కిటికీ పక్క అరుగు మీదున్న పాత తొక్కుడు మిషను మీద మాత్రం చుక్క నీరు పడలేదు.

మాస్టారికి వాళ్లమ్మ కుట్టు నేర్పింది ఆ మిషను మీదే. ఆవిడ పోయాక దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదాయన. అలాంటి మనిషికి, బీమా సర్వేయరు వచ్చే రోజు పొద్దున్నే, బుద్ధి గడ్డి తిన్నది. చెంబెడు నీళ్లు తెచ్చి మిషను నెత్తిన గుమ్మరించాడు.

"ఇదేం పనండీ!" అని భార్య బుగ్గలు నొక్కుకుంది.

"నువ్వూరుకో. ఇచ్చేది కంపెనీ, మన జేబులోంచి పోయేదేముంది?"

సర్వేయరమ్మ వచ్చింది. మాట మెత్తన, చూపు మాత్రం సూది. ఒక్కో తానూ విప్పి, పిండి, రాసుకుంటూ అరుగు దగ్గరికొచ్చింది.

"ఇదీ పోయిందా మాస్టారూ?"

"నిలువునా పోయిందమ్మా! లోపలంతా తుప్పే. ఇక దేనికీ పనికిరాదు."

ఆవిడ వంగి, మిషను అడుగున వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది. ఒక ఫొటో తీసి ఎవరికో పంపింది.

"సరే, పూర్తి నష్టం కింద రాస్తున్నా. రేపు వ్యాను వస్తుంది."

"వ్యానెందుకమ్మా?"

"పూర్తి నష్టం మేం కట్టిచ్చాక పాడైన సామాను మాదే కదండీ. దాన్ని అమ్ముకుని మా నష్టం కొంత పూడ్చుకుంటాం."

మాస్టారు మిషనుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఆ తుక్కు మీకెందుకు లెండి, ఇక్కడే ఉండనీండి."

"మేం అమ్మేదే తుక్కు. ఫొటో చూసి పాత సామాను వ్యాపారి అప్పుడే జవాబిచ్చాడు. ఈ మిషను ఉంటేనే మొత్తం సరుకు ఎత్తుతాడట. షోరూముల్లో అలంకారానికి పెట్టుకుంటున్నారు."

"ఆపే దారి లేదా?"

"లేకేం? అది పాడవలేదని మీరే చెప్పాలి."

చెబితే ఒక అబద్ధం బయటపడుతుంది. ఆ తర్వాత మిగతా జాబితాని మాత్రం ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే అమ్మ మిషను ఏ అద్దాల కొట్లోనో బొమ్మై కూర్చుంటుంది. మాస్టారికి ఎటూ తేలలేదు. మంచినీళ్ల వంక పెట్టి వెనక గదిలోకి పోయి, గోడకి నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి సర్వేయరమ్మ సంచీ పట్టీ తెగి వేలాడుతోంది.

"ఇప్పుడే తెగింది మాస్టారూ. మీ మిషన్లన్నీ పోయాయి కదా, ఏం చేస్తాం!" అంటూ ఆవిడ రెండు కొసలూ కలిపి ముడెయ్యబోయింది.

"ముడా? నా కొట్లో కూర్చుని ముడేస్తారా!"

మాస్టారు సంచీ లాక్కున్నాడు. అరుగెక్కాడు, దారం ఎక్కించాడు, తొక్కాడు. మిషను టకటకమంటూ పరుగందుకుంది. రెండు వరసలు కుట్టి దారం తెంపాక గానీ, తానేం చేశాడో ఆయనకి తెలిసిరాలేదు.

"అబద్ధం చెప్పానమ్మా," అన్నాడు చివరికి. "దీని మీద నీళ్లు నేనే పోశాను. మిగతావన్నీ నిజంగానే తడిశాయి. ఇది మా అమ్మది. వ్యాను ఎక్కించలేను."

"మిగతావి నేను పిండి చూశాను లెండి. దీని అడుగున దుమ్ము కూడా తడవలేదు." సర్వేయరమ్మ జాబితాలో ఒక గీత కొట్టింది, మాస్టారి చేత పక్కన సంతకం పెట్టించుకుంది. పట్టీ ఒకసారి గట్టిగా లాగి చూసుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు మిషను తుడిచి, నూనె పెడుతూ కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి ఆగింది.

"అవునే, అంత గట్టి పట్టీ ఎలా తెగిందంటావ్? పీచు లేవలేదు. అంచు నున్నగా ఉంది, కత్తెర పడ్డట్టు."

భార్య కత్తెరని కొంగుతో తుడిచి మేకుకి తగిలించింది.

"పడింది. మీరు లోపలికెళ్లగానే పట్టీ కొయ్యమన్నాను, ఆవిడ మొహమాటపడుతుంటే నేనే కోశాను. మీరు చెంబు పట్టుకోగా లేంది, నేను కత్తెర పట్టుకుంటే తప్పా?"