పెత్రమాస నాడు డాక్టరు చెప్పిన మాట

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, గట్టిగా చెప్పే సంగతి కాదిది.

మేడ్చల్ బస్సు డిపో వెనక ఒంటిగది ఆస్పత్రిలో జయరాజు డాక్టరు పదకొండో రోగికి సూది వేస్తున్నాడు. సూది వేశాక ఆ వేళను రోగి మణికట్టు మీద పెన్నుతో రాస్తాడు. కార్గిల్ కొండల కింద గుడారంలో సిపాయిలకు అలాగే రాసేవాడు. యుద్ధమై ఐదేళ్లయినా చెయ్యి మరవలేదు. నలభై ఆరేళ్ల మనిషి, చెంపలు లోపలికి పోయాయి. మంచుకు రెండు వేళ్లు పోయిన ఎడమ కాలిని కాస్త ఈడుస్తాడు.

ఆ రోజు పెత్రమాస. పోయినవాళ్లు కోరుకున్నది వండి విస్తట్లో పెట్టే అమావాస్య. బీపీ చూపించుకోవడానికి శామీర్‌పేట నుంచి వజ్రమ్మ వచ్చింది. ఆమె కొడుకు ఎల్లేష్ ఆ గుడారంలోనే పోయాడు. బాధ లేకుండా వెంటనే ప్రాణం పోయిందని ఆమెకు ఉత్తరం రాసింది ఈ డాక్టరే. అందుకే ఆమెకు ఈయన దేవుడితో సమానం.

ఆ ఉత్తరం కథ వేరు. కడుపులో గుండు దిగిన ఎల్లేష్ కోసం జయరాజు పొద్దున్నే హెలికాప్టరు అడిగాడు. పై అధికారి అరుణ్ ఆయనతో చదువుకున్నవాడు, ఒకే కంచంలో తిన్నవాడు. మధ్యాహ్నానికి పంపుతానన్నాడు, మరిచిపోయాడు. తర్వాత వచ్చి భుజం మీద చెయ్యేసి, తల్లి మనసు నిలబడాలంటే వెంటనే పోయాడని రాయమన్నాడు. జయరాజు జాలిపడి రాశాడు. హెలికాప్టరు ఎందుకు రాలేదని జరిగిన విచారణలో అరుణ్ ఆ ఉత్తరం నకలే చూపించాడు, వెంటనే పోయినవాడికి హెలికాప్టరు ఎందుకని. అరుణ్‌కు పెద్ద పదవి వచ్చింది. జయరాజు కొలువు వదిలి ఇంటికి వచ్చేశాడు.

వజ్రమ్మ చెయ్యి చాపి బీపీ పట్టీ కట్టించుకుంటూ ఇంటి ముచ్చట్లు చెప్పింది. మేకకూర వండానని, కల్లు తెప్పించానని, పిల్లగాడు ఒక్క మాటైనా అనకుండా పోయాడు కనుక ఏం కోరుకున్నాడో తెలియక తోచింది పెడుతున్నానని అంది.

గాలి కొడుతున్న డాక్టరు చెయ్యి ఆగింది.

"వాడు ఎంటనే పోలేదమ్మా. పొద్దుగూకేదాంక ఉన్నడు. సల్ల అడిగిండు. కడుపుల గుండు ఉన్నదని నేనే పొయ్యలే."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఎన్నిసార్లు అడిగిండు?"

"మస్తుసార్లు."

"ఐదు పెత్రమాసలాయె, నా బిడ్డకు కల్లు పెడుతున్న," అంది మెల్లగా. "ఎవ్వలో సర్కారోళ్లు అబద్ధం రాసుంటే పోనీ అనుకుందు. నెలనెలా నా చెయ్యి పట్టి సూసెటోనివి గదా నువ్వు."

అరుణ్ పేరు చెబితే తన తప్పు సగం తగ్గేది. ఆయన చెప్పలేదు.

ఆమె పట్టీ తనే విప్పుకుంది. విస్తట్లో పెట్టడానికి పొద్దు వాలకముందే సల్ల, అదే మజ్జిగ, దొరకాలి కదా, మొదట వచ్చిన బస్సే ఎక్కేసింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు ఎల్లేష్ వెంటనే పోయాడని మాత్రం అనకండి, సల్ల అడిగాడని చెప్పండి. డాక్టరు బల్ల మీద ఉండిపోయిన ఆమె బీపీ పుస్తకం సంగతి కూడా చెప్పండి: పుట పుటకూ ఆయన చేతిరాతే, పెత్రమాస తేదీ ఎదుట మాత్రం అంకెలు లేవు.